నేల కర్బనం, కౌలు గడువు

(ప్రపంచ నేల దినోత్సవం సందర్భంగా అనంతపురం జిల్లా రైతులు, వ్యవసాయ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. రబీ పనుల నడుమ తీరిక చేసుకుని వచ్చిన రైతు సోదరులకు, అక్కచెల్లెళ్ళకు, వ్యవసాయ కళాశాల విద్యార్థులకు, ఈ సభను ఏర్పాటు చేసిన పెద్దలకు నా కృతజ్ఞతలు.

ఐక్యరాజ్య సమితి 2013లో చేసిన తీర్మానం ప్రకారం ఏటా డిసెంబరు 5ను ప్రపంచ నేల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఇలాంటి రోజున భూమాతను స్తుతించి, రసాయనాలను నిందించి ప్రసంగం ముగించడం తేలిక. నేను రెండు అంకెల గురించి మాట్లాడాలని వచ్చాను. సారం పోయిన ఎర్ర నేల చెప్పుకోదగినంతగా కోలుకోవాలంటే, పద్ధతిగా ఎరువు వేసినా, సుమారు పదేళ్ళు పడుతుంది. ఆ నేలను నిజంగా దున్ని, విత్తి, కోసే మనిషి చేతిలో మాత్రం చాలా చోట్ల ఒక్క ఏడాది గడువే ఉంది, కాగితం మీదైతే అది పదకొండు నెలలే. మన ప్రాంతపు నేల సమస్య మొత్తాన్ని ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరంలోనే వెతకాలని నేను నమ్ముతున్నాను. ఆ పదేళ్ళ లెక్క ఎలా వచ్చిందో ముందు చెప్పి, తర్వాత పదకొండు నెలల సంగతికి వస్తాను.

2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో కేంద్ర ప్రభుత్వం భూసార పరీక్ష కార్డుల పథకాన్ని ప్రారంభించింది. మీలో చాలామంది ఇళ్ళలో ఆ కార్డు ఉండే ఉంటుంది. దాని మీద పన్నెండు అంశాలుంటాయి: ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం, ఆ తర్వాత నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. కార్డు చేతికి రాగానే రైతు చూపు ఎరువుల సిఫారసు మీదికి పోతుంది, ఎన్ని బస్తాల యూరియా, ఎన్ని బస్తాల డీఏపీ అని. అది సహజమే, ఎందుకంటే అంగడికి పోయి కొనవలసింది వాటినే. సేంద్రియ కర్బనం ఏ అంగట్లోనూ దొరకదు కాబట్టి ఆ గడి మీద ఎవరి చూపూ నిలవదు. నన్నడిగితే మిగిలిన పదకొండు గడుల కంటే ముందు చూడవలసింది దాన్నే. 0.5 శాతం కంటే తక్కువైతే తక్కువ అని, 0.5 నుంచి 0.75 వరకు మధ్యస్థం అని, అంతకు మించితే ఎక్కువ అని మన ప్రయోగశాలల్లో లెక్క. మన మెట్ట ఎర్ర నేలల కార్డుల్లో చాలా వరకు మొదటి వర్గంలోనే ఉంటాయి.

ఈ కర్బనం ఎక్కడిదంటే, చెట్టూ చేమా గాలి నుంచి పీల్చుకున్నదే. ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకుని సూర్యరశ్మితో పిండిపదార్థం చేస్తుంది. అందులో కొంత కాండానికి, గింజకు పోగా కొంత వేళ్ళ గుండా నేలలోకి స్రవిస్తుంది. వేరు చుట్టూ ఉండే సూక్ష్మజీవులు దాన్ని తిని, బదులుగా రాతిపొడిలో బిగుసుకున్న భాస్వరాన్ని, జింకును కరిగించి వేరుకు అందిస్తాయి. కొన్ని శిలీంద్రాలు వేరు చేరలేని దూరాలకు తమ దారాలను చాపి తేమను, పోషకాలను తెస్తాయి. రాలిన ఆకు, చచ్చిన వేరు, దిబ్బ ఎరువు, వానపాము విసర్జించిన మట్టి, చచ్చిన సూక్ష్మజీవుల శరీరాలు, ఇవన్నీ మురిగి మురిగి చివరికి మిగిలే నల్లటి పదార్థాన్ని జీవనద్రవ్యం అంటున్నాం. మంచి పంట వచ్చిన ఏడు నిండి, కరువు ఏడు ఆదుకునే గాదె వంటిది అది. కష్టకాలంలో తీసుకోవచ్చు, కానీ ఏటా తీస్తూ ఎన్నడూ పోయకపోతే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు.

ఈ బల్ల మీద రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి పెట్టాను. పక్కన కాగితం మీద రెండు మట్టి పెళ్ళలున్నాయి. రెండూ ఒకే చేనివి. ఒకటి ఏటా వేరుశనగ వేసే చోట తీసింది. రెండోది అదే చేని గనిమ మీద, అంటే గట్టు మీద, గడ్డి మొదళ్ళ కింద తీసింది. రంగులో కొద్ది తేడా తప్ప పుట్టుకలో రెండూ ఒకే మట్టి. నీడలో ఆరబెట్టి తెచ్చాను. విద్యార్థులు ముందుకు వచ్చి చూడండి. ఇప్పుడు రెండింటినీ మెల్లగా నీళ్ళలోకి దించుతున్నాను. కదపను, కలపను. చేని పెళ్ళను గమనించండి. అంచుల వెంట బుడగలు వస్తున్నాయి, మూలలు కూలుతున్నాయి, అడుగున పలచటి బురద పేరుకుంటోంది, పైన నీళ్ళు అప్పుడే ఎర్రబారాయి. గనిమ పెళ్ళ మాత్రం దించినది దించినట్టే ఉంది. దాని ఒంటి మీద సన్నటి వేళ్ళు బయటికి కనబడుతున్నాయి, నీళ్ళు తేటగా ఉన్నాయి. నా ప్రసంగం అయ్యేదాకా దాన్ని అలాగే ఉంచుతాను, ఇంటికి వెళ్ళేటప్పుడు ఇంకొకసారి చూడండి. ఖర్చు లేని ఈ పరీక్షను ఎవరి పొలంలో వారు చేసుకోవచ్చు.

గనిమను ఎవరూ దున్నరు. అక్కడ ఏడాది పొడుగునా ఏదో ఒక వేరు బతికి ఉంటుంది. సూక్ష్మజీవులు విడిచే జిగురు, శిలీంద్రాల దారాలు మట్టి రేణువులను పట్టి ఉంచి చిన్న చిన్న గుళికలుగా కడతాయి. ఆ గుళికల మధ్య ఖాళీల్లో గాలి ఆడుతుంది, నీరు దిగుతుంది. దున్నిన చేనిలో ఆ జిగురు లేదు. పొడి మట్టిలోకి నీరు చొరబడగానే లోపల చిక్కుకున్న గాలి గుళికను పగలగొడుతుంది. గ్లాసులో జరిగింది అదే, జూన్‌లో తొలి పెద్ద వానకు మీ చేనులో జరిగేది కూడా అదే. చినుకు దెబ్బకు గుళికలు చితికి, సన్నటి ఒండు పైన పరుచుకుని, ఎండ కాయగానే పెచ్చు కడుతుంది. ఆ పెచ్చును చీల్చుకుని మొలక పైకి రాలేదు, తర్వాతి వాన దాని కిందికి దిగలేదు. మన జిల్లాలో ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం. అది కూడా కొద్ది రోజుల్లో, గట్టి జల్లులుగా పడుతుంది. ఆ నీరు వంకల్లోకి పారిపోతూ పైనున్న మెత్తటి మట్టిని, అంటే కర్బనం, పోషకాలు ఎక్కువగా ఉన్న పొరనే, ముందుగా తీసుకుపోతుంది. అందుకే కరువును ఆకాశంలో మాత్రమే వెతకకూడదంటాను. ఒకే వాన పడిన పక్క పక్క చేలలో ఒకదానిలో పైరు పన్నెండు రోజుల బెట్టకు తట్టుకుని, ఇంకొకదానిలో ఆరు రోజులకే వాడితే, ఆ తేడా మట్టిలో ఉంది. ఇక కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల వైపు వేదవతి హగరి ఒడ్డున ఇసుక మేటలు చేల మీదికి ఎలా నడిచి వచ్చాయో అక్కడి నుంచి వచ్చినవారికి తెలుసు. కప్పు లేని నేలను గాలి కూడా వదలదు.

ఈ కర్బనం మన చేతుల మీదుగానే ఎలా ఖర్చయిందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఎవరినీ తప్పు పట్టడానికి లేదు, ఏ రైతు చేసిన పనికైనా ఆనాటికి ఒక కారణం ఉంది. వేరుశనగ పప్పుజాతి పంట, దాని వేళ్ళకు బుడిపెలు వస్తాయి, గాలిలోని నత్రజనిని అవి స్థిరీకరిస్తాయి, కాబట్టి నేలకు మేలు అని పాఠాల్లో చదువుకుంటాం. కానీ కందికి, వేరుశనగకు ఒక పెద్ద తేడా ఉంది. కంది నిలిచి ఉండగానే తన ఆకును నేల మీద రాల్చుతుంది, లోతుకు పోయిన దాని వేరు కోత తర్వాత అక్కడే కుళ్ళుతుంది. వేరుశనగను కాయ కోసం వేరుతో సహా పెరుకుతాం. ఆకు, కట్టె, వేరు, చాలా వరకు బుడిపెలు కూడా కట్టలు కట్టి ఇంటికి చేరతాయి. చేనులో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. పశువులున్న రోజుల్లో ఆ కట్టె మేతగా పోయి, పేడగా దిబ్బకు చేరి, వేసవిలో బండ్ల మీద మళ్ళీ చేనికి వచ్చేది. గొర్రెల మందను రెండు మూడు రాత్రులు చేనులో నిలపడానికి రైతులు కాపరులకు గింజలో, డబ్బో ఇచ్చి పిలుచుకునేవారు. ఇప్పుడు కాడెద్దుల స్థానంలో ట్రాక్టరు వచ్చింది, కట్టెను పాడి పశువులున్న ఊళ్ళకు లారీల్లో అమ్ముతున్నాం. అమ్మిన ప్రతి లారీతో మన చేని కర్బనం ఇంకొకరి దిబ్బకు చేరుతోంది. ఆ డబ్బు కుటుంబానికి అవసరమే, నేను కాదనను. కానీ దాన్ని రాబడిగా మాత్రమే రాసుకుని, నేల వైపు ఖర్చుగా రాసుకోకపోవడం లెక్క సరిగ్గా చూడకపోవడమే.

వరి పండే ప్రాంతాల్లో ఇదే కథ నిప్పు రూపంలో జరుగుతోంది. హార్వెస్టరుతో కోసిన మళ్ళలో మిగిలిన కొయ్యకాళ్ళను, గడ్డిని తగలబెట్టి మరుసటి పంటకు దమ్ము చేస్తున్నారు. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5 నుంచి 8 కిలోల నత్రజని, 12 నుంచి 17 కిలోల పొటాషియం ఉంటాయి. నిప్పు పెడితే కర్బనం, నత్రజని దాదాపు పూర్తిగా పొగలో పోతాయి, పై పొరలోని సూక్ష్మజీవులు మాడిపోతాయి. ఆ తర్వాత అదే నత్రజనిని బస్తాలో కొని తెచ్చి చల్లుతాం.

యూరియా గురించి కూడా ఒక్క మాట సూటిగా చెప్పాలి. 45 కిలోల బస్తాలో నత్రజని 46 శాతం, అంటే సుమారు 20 కిలోలకు కొంచెం పైన. వరికి వేసిన నత్రజనిలో పైరు తీసుకునేది మూడో వంతు నుంచి నూటికి నలభై దాకా మాత్రమే. మిగిలినదానిలో కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత నైట్రేట్‌గా మారి భూగర్భ జలంలోకి దిగుతుంది, కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుంది. తాగే నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ నైట్రేట్ ఉండకూడదని మన దేశ ప్రమాణం. అంతకు మించిన బోరు నీళ్ళు పసిపిల్లలకు పట్టకూడదు. నైట్రస్ ఆక్సైడ్ సంగతి చూస్తే, బరువుకు బరువు బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. జీవనద్రవ్యం తగినంత ఉన్న నేలలో ఈ నత్రజనిని పట్టి నిలిపే సూక్ష్మజీవులుంటాయి, బక్క నేలలో అది నిలవదు. కాబట్టి బక్క నేలకు ఎక్కువ బస్తాలు కావాలి, ఎక్కువ బస్తాలకు ఎక్కువ నష్టం. నష్టం రైతు జేబుకూ ఉంది, ఊరి నీళ్ళకూ ఉంది.

అయితే ఈ మాట విని రేపటి నుంచే బస్తాలు మానేయమని నేను చెప్పడం లేదు. 2021 ఏప్రిల్‌లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. వరి దిగుబడి పడిపోయింది, తేయాకు దెబ్బతింది, నవంబరులో నిషేధాన్ని సడలించక తప్పలేదు. దశాబ్దాల పాటు బయటి నత్రజనికి అలవాటు పడిన నేలలో పోషకాలను అందించే జీవవ్యవస్థ తిరిగి రాకముందే చేతికర్ర లాగేస్తే పైరు నిలబడదు. ముందు నేలకు కర్బనం, అది పెరిగిన కొద్దీ బస్తాలు తగ్గింపు, ఈ వరుస తప్పకూడదని నా అభిప్రాయం.

ఇప్పుడు పదేళ్ళ లెక్కకు వద్దాం. విద్యార్థులు కాగితం తీసి రాసుకోండి. ఎకరా చేనులో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 8 లక్షల కిలోలు. అందులో సేంద్రియ కర్బనాన్ని 0.3 శాతం నుంచి 0.4 శాతానికి, అంటే కేవలం పదో వంతు శాతం పెంచాలంటే 800 కిలోల కర్బనం మట్టిలో నిలవాలి. మంచి రైతు ఎకరాకు ఏటా 4 టన్నుల దిబ్బ ఎరువు తోలాడనుకుందాం. అందులో సగం తేమ. మిగిలిన 2 టన్నుల పొడి పదార్థంలో కర్బనం సుమారు 30 శాతం, అంటే 600 కిలోలు. మన వేడి నేలల్లో అదంతా నిలవదు. నేలలోని జీవులు తిని, ఊపిరిగా తిరిగి గాలిలోకి వదిలేస్తాయి. నిలిచేది నూటికి పది నుంచి ఇరవై మాత్రమే అనుకుంటే, ఏటా 60 నుంచి 120 కిలోలు. 800ను దానితో భాగిస్తే, ఏడు నుంచి పదమూడేళ్ళు. ఈలోగా ఉన్న కర్బనం దున్నకాల వల్ల, మట్టి కోత వల్ల పోకుండా కాపాడుకుంటేనే ఈ లెక్క నిజమవుతుంది. ఇది ఉజ్జాయింపే, నేలను బట్టి మారుతుంది. కానీ ఒక్క ఏడాదిలో నేలను మార్చేస్తామని సీసాలో ద్రావణం అమ్మేవారు మీ గడప తొక్కినప్పుడు ఈ కాగితం చూపించండి.

ఇంత నెమ్మదైన పని సాధ్యమేనా అని సందేహం రావచ్చు. హైదరాబాదు పక్కన పటాన్‌చెరువులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1976 నుంచి నల్లరేగడి నేలలో ఒక దీర్ఘకాలిక ప్రయోగం నడుపుతోంది. పక్క పక్కనే రెండు చిన్న వాటర్‌షెడ్లు, అంటే పడిన వాన నీరంతా ఒకే దారిన పారే నేల ముక్కలు. ఒకదానిలో పాత పద్ధతి: వానాకాలమంతా నేలను ఖాళీగా వదిలి, తర్వాత ఆ పదునుతో జొన్న గాని శనగ గాని వేయడం. రెండోదానిలో ఎత్తు మడులు, కాలువలు చేసి, వానాకాలంలోనే జొన్నలో కంది వంటి మిశ్రమ పంటలు వేసి, తగినంత ఎరువు ఇవ్వడం. పాత పద్ధతిలో హెక్టారుకు సగటున టన్ను చుట్టూ గింజ పండితే, కొత్త పద్ధతిలో సుమారు 5 టన్నులు పండింది. మట్టి కోత హెక్టారుకు ఆరు టన్నులకు పైనుంచి రెండు టన్నుల లోపుకు తగ్గింది. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇంకొకటి: పాతికేళ్ళ లోపు కాలంలో రెండో నేలలో పాతదాని కంటే హెక్టారుకు ఏటా సుమారు 330 కిలోల చొప్పున ఎక్కువ కర్బనం చేరింది. అక్కడ రసాయన ఎరువులు వాడారు. నేలను వానాకాలంలో కప్పి ఉంచారు, ఆకు రాల్చే కందిని చేర్చారు, పారే నీటిని ఆపారు. దిగుబడి, కర్బనం రెండూ కలిసే పెరిగాయి.

భూగోళం మీద నేలల పై ఒక మీటరు లోతులో ఉన్న సేంద్రియ కర్బనం సుమారు లక్షన్నర కోట్ల టన్నులు, వాతావరణంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. ఈ నిల్వ కొంచెం తగ్గినా గాలి వేడెక్కుతుంది, కొంచెం పెరిగినా ఆ మేరకు చల్లబడే వీలుంటుంది. ఈ శాస్త్రానికి జీవితం ధారపోసిన రతన్ లాల్ గారికి 2020లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది. 2024లో గుల్బెంకియన్ మానవతా పురస్కారం ఆయనతో పాటు ఈజిప్టుకు చెందిన సెకెం సంస్థకు, మన ఆంధ్రప్రదేశ్ సామాజిక ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి కలిపి దక్కింది. రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ఆ కార్యక్రమంలో మహిళా సంఘాల పాత్ర పెద్దది. ఇక్కడ కూర్చున్న అక్కచెల్లెళ్ళలో కొందరికి నాకంటే ఎక్కువ అనుభవం ఉంది.

ఆ కార్యక్రమం నుంచి మన జిల్లాకు అన్నిటికంటే ఎక్కువగా అక్కరకు వచ్చేది వానకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు విత్తే పద్ధతి అని నేను అనుకుంటున్నాను. విత్తనాలకు బీజామృతం అనే పేడ, గోమూత్రాల ద్రావణం, మట్టి, బూడిద పట్టించి, ఎండాకాలంలోనే చల్లి, పైన ఆకులో, గడ్డో కప్పుతారు. చిన్న జల్లు పడితే చాలు కొన్ని మొలుస్తాయి. సజ్జ, జొన్న, అలసంద, ఉలవ, జనుము, ఆముదం, నువ్వు, కూరగాయలు, పేరు నవధాన్యాలే అయినా ఇలా ఇరవైకి పైగా రకాలు కలపడం వల్ల ఏ జల్లుకు తగినది ఆ జల్లుకు లేస్తుంది. ప్రకృతి వ్యవసాయం ఒక్కటే అన్ని పంటలకూ సరిపోతుందా, దిగుబడి తగ్గదా అనే వాదం శాస్త్రజ్ఞుల్లో నడుస్తూనే ఉంది, నడవాలి కూడా. కానీ ఏడాదిలో ఎనిమిది నెలలు బోడిగా ఎండే నేలను పచ్చటి కప్పుతో, బతికున్న వేళ్ళతో నింపాలన్న దాని మీద వాదం లేదు. గనిమ మీద గడ్డి ఏ పని చేస్తోందో ఈ నవధాన్యాలు చేని నడుమ ఆ పని చేస్తాయి.

చెరువు మట్టి గురించి క్లుప్తంగా చెబుతాను. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద పూడిక తీసినప్పుడు ఎందరో రైతులు ఆ మట్టిని ట్రాక్టర్లతో చేలకు తోలుకున్నారు. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేలలకు, దుబ్బ నేలలకు అది నిజమైన మేలు, ఎందుకంటే అందులోని బంకమన్ను తేమను పట్టి ఉంచుతుంది, కర్బనానికి ఆశ్రయమిస్తుంది. ఇప్పటికే బంక ఎక్కువున్న రేగడికి అవసరం లేదు. తోలే ముందు చౌడు లేదని పరీక్ష చేయించుకోండి. దీనికి పూర్తిగా ఎదురు పని ఇటుక బట్టీలకు పై మట్టిని అమ్మడం. రెండు అడుగుల మట్టికి వచ్చే డబ్బు ఒక్క పెళ్ళి ఖర్చుకు సరిపోతుందేమో గాని, ప్రకృతి ఒక్క అంగుళం మట్టిని తయారుచేయడానికి కొన్ని వందల ఏళ్ళు తీసుకుంటుంది. దయచేసి అమ్మకండి.

ఇక కౌలు సంగతి. ఇప్పటిదాకా చెప్పిన పనులన్నీ, దిబ్బ ఎరువు తోలడం, కంది కలపడం, గనిమలు సరిచేయడం, చెరువు మట్టి పరచడం, ఈ ఏడు ఖర్చు పెడితే కొన్నేళ్ళకు ఫలితమిచ్చేవి. ఏడాదికి గుత్త కట్టి చేను తీసుకున్న మనిషిని వీటిని చేయమని అడగడం న్యాయమా? మరుసటి ఏడు ఆ చేను తనకు దక్కుతుందో లేదో తెలియదు. నేల బాగుపడితే గుత్త పెంచుతారన్న భయం కూడా ఉంది. అతనికి లెక్క ప్రకారం సరైనది యూరియానే: ఈ వారం చల్లితే వచ్చే వారం ఆకు పచ్చబడుతుంది. కౌలుదారుకు నేల మీద ప్రేమ లేదని సభల్లో కొందరు అనడం విన్నప్పుడు నాకు బాధ కలుగుతుంది. గడువు ఇవ్వకుండా ప్రేమ అడుగుతున్నాం.

2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం, దాని స్థానంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి. కౌలు రైతుకు పంట రుణం, బీమా, నష్టపరిహారం అందాలన్నది వాటి ఉద్దేశం, అది మంచి ఉద్దేశమే. 2019 చట్టం కింద యజమాని సమ్మతితో రాసుకునే ఒప్పందం గడువు 11 నెలలు. తమ హక్కుకు భంగం కలుగుతుందని యజమానులు భయపడకుండా ఆ గడువు పెట్టారు. ఆ భయం కల్పితమని నేను అనను, ఎన్నో కుటుంబాలకు ఉన్న ఆస్తి ఆ నాలుగెకరాలే. కానీ ఆ చట్టాల్లో మనం ఆలోచించినది ఇద్దరి హక్కుల గురించే. మట్టికి ఎంత కాలం కావాలో అన్న ప్రశ్న ఆ చర్చలోకి రాలేదు.

చట్టం మారేదాకా ఆగనవసరం లేదు. యజమాని, కౌలు రైతు ఊరి పెద్దల ఎదుట ఒక మాట అనుకోవచ్చు: ఒప్పందాన్ని ఏటా రాసుకున్నా, కౌలు రైతు తప్పు చేస్తే తప్ప ఐదేళ్ళ దాకా అతనికే ఇవ్వాలని. మొదటి ఏడు, చివరి ఏడు మట్టి పరీక్ష చేయించాలని. సేంద్రియ కర్బనం పెరిగితే చివరి ఏటి గుత్తలో కొంత తగ్గించాలని, తోలిన ఎరువు, చెరువు మట్టి ఖర్చులో యజమాని సగం భరించాలని. నగరాల్లోనో, విదేశాల్లోనో ఉంటూ ఇక్కడ భూమి ఉన్న మన పిల్లలకు ఈ మాట చెప్పండి. ఏటా గుత్త డబ్బు ఖాతాలో పడిందా లేదా అని అడిగేవారు, చేని కర్బనం ఎంత ఉందని కూడా అడగడం మొదలుపెడితే పరిస్థితి మారుతుంది. వారి ఆస్తి విలువ కూడా అందులోనే ఉంది.

ఇలాంటి ఒప్పందానికి పరీక్ష నమ్మదగినదై ఉండాలి. పథకం కింద మెట్ట ప్రాంతాల్లో 10 హెక్టార్లకు ఒక నమూనా చొప్పున తీశారు, కాబట్టి మీ చేతిలో ఉన్న కార్డు పక్క చేని మట్టిదైనా కావచ్చు. మీ చేనుది మీరే తీసి ఇవ్వండి. ఏప్రిల్, మే నెలల్లో, ఎరువు తోలక ముందు తీయాలి. గనిమల పక్కన, చెట్ల నీడన, దిబ్బ వేసిన చోట, నీరు నిలిచే పల్లంలో తీయకూడదు. చేనంతా వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల పైన చెత్త తీసేసి, పారతో 15 సెంటీమీటర్ల లోతున ఆంగ్ల అక్షరం వి ఆకారంలో గుంత తీసి, దాని పక్క గోడ నుంచి పైనుంచి కిందిదాకా ఒకే మందంలో మట్టి గీకాలి. అన్నిటినీ శుభ్రమైన గుడ్డ మీద కలిపి, రాళ్ళు, వేళ్ళు ఏరి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలను తీసేయాలి. అర కిలో మిగిలేదాకా ఇలాగే చేసి, నీడలో ఆరబెట్టి, సంచిలో పోసి, లోపల ఒక చీటీ పెట్టాలి. ఎరువు బస్తా సంచి మాత్రం వాడవద్దు, దాని అంచున మిగిలిన పొడి చాలు పరీక్ష తప్పడానికి. చీటీ మీద పేరు, సర్వే నంబరు, ముందు పంట, తీసిన తేదీ రాయండి. ఒప్పందం కోసమైతే నమూనా తీసేటప్పుడు యజమాని, కౌలు రైతు ఇద్దరూ ఉండి, ఆ చీటీ మీద ఇద్దరూ సంతకం చేయండి. ఐదో ఏడు అదే నెలలో, అదే లోతున, అదే ప్రయోగశాలకు ఇవ్వండి, లేకపోతే రెండు అంకెలను పోల్చడం కుదరదు. కొందరు మీ చేని మట్టి వెంట తెచ్చుకున్నారని చూశాను. సభ అయ్యాక ఈ బల్ల దగ్గరికి రండి, నమూనా సరిగ్గా తీశారో లేదో కలిసి చూద్దాం.